తెల్ల బొత్తాం

నా రాతలో ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడా తప్పుతాయి. అక్షరాలు ఆలస్యంగా పట్టుబడిన చెయ్యి, పరుగెత్తమంటే పరుగెత్తదు. పోయిన భాగం ఒక వారం వెనకబడింది కూడా అందుకే. మన్నించి, తప్పులు దిద్దుకుని చదువుకోండి.

కథ ఎక్కడ ఆగిందో చెబుతాను. ఏటికి అవతల ఉత్తరం సైన్యం, దక్షిణం సైన్యం కొట్టుకుంటున్నాయి. ఇవతల, ఫిరంగుల మోత వినపడనంత దూరంలో ఉన్న పట్నంలో, ఒక మందుల షాపు మేడమీద మూడు గదుల ఆఫీసు ఉంది. అందులో పనిచేసే నలుగురూ ఆ యుద్ధానికి రోజూ మ్యాపు తయారుచేసి, అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెడతారు. ఏ ఊరు ఎవరి చేతిలో ఉంది, ఏ దారి తెరిచి ఉంది, ఏ వంతెన కూలింది, అన్నీ అందులో ఉంటాయి. ఆ మ్యాపు మీద గీతలు గీసే ఆవిడను ఆఫీసులో గీతలమ్మ అంటారు. పోయిన వారం గీతలమ్మ, ఎప్పుడో కూలిపోయిందని తామే గుర్తుపెట్టిన వంతెన ఫోటోను చూస్తూ చూస్తూ, చూపు జారి నీళ్ళ వైపు చూసింది. వంతెన నడుమ పెద్ద కంత ఉంది. నీళ్ళ మీద పడిన దాని నీడకు మాత్రం కంత లేదు. ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా నీడ నిండుగా ఉంది.

అంటే వంతెన కూలలేదు. ఎవరో దాని నడుమ ఏటి రంగు టార్పాలిన్ పట్టాలు పరిచి, ఆకాశం కళ్ళు కప్పుతున్నారు.

ఆ పొద్దున్నే అత్తగారు ఫోను చేత్తో పట్టుకునే వంటగదిలోకి వచ్చి, "మీ బావగారు వచ్చేస్తున్నాడే, ఆదివారానికల్లా. అందర్నీ లారీలో వేసుకుని" అంది. గీతలమ్మ భర్త అన్నగారు అవతలి ఒడ్డున ఉన్న ఊళ్ళో లారీ నడుపుతాడు. యుద్ధం మొదలైనప్పటి నుంచి పెళ్ళాం పిల్లలతో అక్కడే ఇరుక్కుపోయాడు. ఆయన కోసమే గీతలమ్మ భర్త సెలవు పెట్టి, ఏటి గట్టున ఉన్న శిబిరంలో కాచుకుని కూర్చున్నాడు.

"ఏ దారినట అత్తయ్యా?"

"దారుందిలే, అడక్కు అన్నాడు. అదేంట్రా అంటే, నీకు చెబితే కోడలికి చెబుతావు, కోడలు తీసుకెళ్ళి మ్యాపులో ఎక్కిస్తుంది అన్నాడు." అత్తగారు నవ్వింది. గీతలమ్మ కూడా నవ్వింది. ఫోటోలో నీడ చూసినప్పుడు గానీ ఆ దారి ఏదో ఆమెకు తెలియలేదు. ఆమె కుర్చీలోంచి లేచి బొత్తాల డబ్బా వైపు నడుస్తుండగా పోయిన భాగం ముగిసింది.

ఇక ఈ వారం సంగతి.

ఆ ఆఫీసులో పైనుంచి ఉపగ్రహం తీసిన బొమ్మల్ని పైఫోటోలు అంటారు. యుద్ధభూమి నుంచి సైన్యాలు, విలేఖరులు, అక్కడి జనం పంపే కబుర్లను కింది మాటలు అంటారు. పైఫోటో ఒక్కటే చూసి గీత జరపకూడదు. కింది మాట ఒక్కటే విని అసలు జరపకూడదు. కింది మాటలు చదివేది రిపోర్టుల పిల్ల. పేరుకే పిల్ల గానీ పెళ్ళీడుది, కళ్ళు చురుకు, నోరు ఇంకా చురుకు. "ఉత్తరం వాళ్ళ లెక్కన దక్షిణం వాళ్ళంతా చచ్చిపోయారు సార్. దక్షిణం వాళ్ళ లెక్కన ఉత్తరం వాళ్ళు నిన్నే చచ్చిపోయారు. మరి పొద్దున్న ఆ కాల్పులు ఎవరివో నాకర్థం కావట్లేదు" అంటూ పెద్దసారు గదిలోకి కాగితాలు మోసుకెళుతుంది.

పెద్దసారు ఒకప్పుడు పిల్లలకు భూగోళం చెప్పిన మనిషి. ఈ మ్యాపుకు ఆయన రెండు కట్టుబాట్లు పెట్టాడు. మొదటిది రెండు కళ్ళ కట్టుబాటు. ఒక చోటి పైఫోటోను ఇద్దరు వేరువేరు గదుల్లో చూడాలి, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. టీ వేళకు ఇద్దరూ తమ సాసరు కింద ఒక బొత్తాం పెట్టుకుని వస్తారు. మారిందనుకుంటే ఎర్రది, మారలేదనుకుంటే తెల్లది. అందరూ కూర్చున్నాక ఇద్దరూ ఒకేసారి సాసర్లు ఎత్తాలి. ఒకర్ని చూసి ఒకరు మనసు మార్చుకోకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. ఎర్రదీ తెల్లదీ పడితే పెద్దసారే మూడో కన్ను వేస్తాడు. రెండో కట్టుబాటు ఇంకా చిన్నది. తనవాళ్ళున్న చోటును తను చూడకూడదు.

బావగారి సంగతి గీతలమ్మ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మొదట్లో, యుద్ధం అటువైపు రాదులే అనుకుంది. వచ్చాక, చెబితే ఆ చోటు తన చేతిలోంచి తీసేస్తారని చెప్పలేదు. రోజూ ఆ ఊరి మీద కళ్ళు వేయకపోతే ఆమెకు అన్నం సయించదు.

టీ వేళ అయింది. పెద్దసారు కెటిలు తనే పట్టుకొచ్చాడు. గీతలమ్మకు ఎదురుగా మిలటరీ బాబాయ్ కూర్చున్నాడు. ఆ చోటికి రెండో కన్ను ఆయనే. సైన్యంలో ఉద్యోగమంతా వంతెనలు కట్టడం, విప్పడం, పేల్చడం. రిటైరయ్యాక ఇంట్లో భార్యకు అడ్డం పడుతున్నానని ఈ పనిలో చేరాడు. ఆయన చూసిన ఫోటోనే గీతలమ్మా చూసింది. ఆయన కంటికి ఆ నీడ తప్పుతుందా?

"ఎత్తండి" అన్నాడు పెద్దసారు.

గీతలమ్మ సాసరు ఎత్తింది. తెల్ల బొత్తాం. ఈ ఆఫీసులో ఆమె ఆడిన మొదటి అబద్ధం, చొక్కా బొత్తామంత అబద్ధం. తలెత్తకుండా కళ్ళు మాత్రం ఎదుటి సాసరు వైపు తిప్పింది.

అక్కడా తెల్లదే.

"రెండూ తెల్లవే. వంతెన కూలినట్టే ఉంచండి" అన్నాడు పెద్దసారు, బిస్కెట్టు టీలో ముంచుతూ. రిపోర్టుల పిల్ల వేరే ఊరి కబురు ఎత్తుకుంది. అందరూ అందులో పడ్డారు. గీతలమ్మకు ఊపిరి ఆడింది గానీ, ఆ ఊపిరిలో ఏదో నలుసు ఉంది. బాబాయికి కనపడలేదా? కనపడే తెల్లది పెట్టాడా?

టీ అయ్యాక బాబాయ్ డాబా మీదికి వెళతాడు. సిగరెట్టు మానేసినా సిగరెట్టు వేళ మానలేదు. నోట్లో లవంగం వేసుకుని కాసేపు అటూ ఇటూ తిరిగి దిగొస్తాడు. ఆ రోజు గీతలమ్మ కూడా వెనకే మెట్లెక్కింది. మందుల షాపు వాళ్ళావిడ ఆరేసిన దుప్పట్లు గాలికి మెల్లగా ఊగుతున్నాయి. ఎండ బాగానే ఉంది గానీ చుర్రుమనడం లేదు.

బాబాయ్ ఆమె వైపు తిరక్కుండానే, "అమ్మాయ్, నీకు కళ్ళజోడు మార్చాలేమో" అన్నాడు.

"ఎందుకు బాబాయ్?"

"నీళ్ళ మీద ఏముందో కనపడినట్టు లేదు."

గీతలమ్మ దుప్పటి అంచు పట్టుకుని సరిచేసింది, అది తన దుప్పటి అయినట్టు. "మీకు కనపడిందా?"

"నాకు మొన్నే కంటాపరేషన్ అయింది. చీమ మీసాలు కూడా కనపడుతున్నాయి."

"మరి తెల్లది పెట్టారే?"

"ముందు నేనడిగాను."

"ముందు పుట్టింది కూడా మీరే. మీరే చెప్పండి."

బాబాయ్ నవ్వాడు. గోడకు ఆనుకుని, లవంగం ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు. "ఇవాళొక్కటే కాదు. దీనికి ముందొచ్చిన ఫోటోలో కూడా చూశాను. ఆ పట్టాలు పరిచినవాడెవడో గానీ పనిమంతుడు. అంచులు చింపినట్టు కత్తిరించి, పక్కన నాలుగు రాళ్ళు కూడా పోశాడు. నీడ సంగతొక్కటీ మర్చిపోయాడు. ఎండను ఎవడు కప్పగలడు చెప్పు."

"అయితే ఎర్రది పెట్టాలి కదా? కట్టుబాటు అదేగా?"

"మన మ్యాపు ఎవరెవరు చూస్తారు?"

"పేపర్లవాళ్ళు. మందులూ బియ్యం పంపేవాళ్ళు. అక్కడ బంధువులున్నవాళ్ళు."

"ఇంకా?"

"అంతేగా" అంది గీతలమ్మ.

"ఉత్తరం వాళ్ళ ఫిరంగుల దగ్గర కూర్చున్న పిల్లాడు కూడా చూస్తాడమ్మా. పైఫోటోలు కొనే స్తోమతు వాళ్ళకు లేదు. మనం ఉచితంగా పెడుతున్నాం. వంతెన ఉందని ఇవాళ మనం గీత గీస్తే, రేపు పొద్దున్నకి నిజంగానే ఉండదు. దాని మీద ఎవరైనా ఉంటే వాళ్ళూ ఉండరు." ఆయన గొంతు పెంచలేదు. దుకాణంలో సరుకు పేర్లు చెప్పినంత మామూలుగా చెప్పాడు. "అందుకని తెల్లది పెట్టాను. తప్పే. తెలిసి చేసిన తప్పు. ఇప్పుడు నీ సంగతి చెప్పు."

అంతదాకా గీతలమ్మ ఒక్క మాట సిద్ధం చేసుకుని ఉంది. నేనూ అందుకే పెట్టాను బాబాయ్, అనేస్తే సరిపోయేది. ఆయన నమ్మేవాడు. ఇద్దరూ ఒకే పడవలో ఉన్నట్టు మెట్లు దిగేవాళ్ళు. కానీ ఆయన అంత సూటిగా చెప్పాక ఆ మాట నోట్లోంచి రాలేదు.

"మా బావగారు అక్కడున్నారు" అంది. "అక్కయ్య, పిల్లలు కూడా. ఆదివారం లారీలో దాటుతున్నారు. అత్తయ్యకి దారి ఉందన్నారట, ఏదో చెప్పలేదు. నీడ చూశాక నాకు తెలిసిపోయింది."

బాబాయ్ లవంగం నమలడం ఆపాడు.

"ఎవరికీ చెప్పలేదా?"

"లేదు."

"మొదట్నుంచీ ఆ చోటు నువ్వే చూస్తున్నావు కదా."

"అవును."

కింద షాపులో ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు. బాబాయికి కోపం వచ్చిందని గీతలమ్మకు తెలిసింది. ఆయనకు కోపం వస్తే మాట మెత్తబడుతుంది.

"చూడమ్మా, నాకు అటువైపు ఎవరూ లేరు. వంతెన మీద నడిచేవాళ్ళెవరో నాకు తెలియదు. నీకు తెలుసు. ఇద్దరమూ తెల్లదే పెట్టాం. పక్కపక్కన పెడితే తేడా కనపడదు. నేనొక్కటే అడుగుతాను. ఆదివారం మీవాళ్ళు దాటేశారనుకో. మీ బావగారు మీ ఇంట్లో కాళ్ళు బార్లా చాపుకుని టీ తాగుతున్నాడనుకో. సోమవారం ఇంకో ఫోటో వస్తుంది. అదే వంతెన, అదే నీడ. ఆ రోజు నీ సాసరు కింద ఏ రంగు ఉంటుంది?"

తెల్లదే, అనబోయింది గీతలమ్మ. నాలుక దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. సోమవారం ఉదయం తన బల్ల కళ్ళ ముందుకు వచ్చింది. బావగారు క్షేమం. అత్తగారు వంటింట్లో పాట పాడుతోంది. తెరమీద ఒక వంతెన. దాని మీద నడిచేవాళ్ళు ఎవరో, ఏ ఊరివాళ్ళో తెలియదు. తన పని తాను సరిగ్గా చేస్తున్నానన్న తృప్తితో, డబ్బాలోంచి బొత్తాం తీస్తున్న చెయ్యి. ఆ చెయ్యి తనదే.

"ఎర్రది పెట్టేదాన్నేమో బాబాయ్" అంది మెల్లగా.

బాబాయ్ తలూపాడు. "నిజం చెప్పావు. తెల్లదంటే నిన్నిక ఎప్పటికీ నమ్మేవాణ్ణి కాదు."

"పెద్దసారుకు చెప్పేస్తాను."

"చెప్పు. కానీ నువ్వు లేస్తే ఆ కుర్చీలో కూర్చునేది ఎవరో తెలుసుగా? రిపోర్టుల పిల్ల. మొన్న దండెం మీద ఆరేసిన బట్టలు చూసి, ఖాళీ అన్న ఊళ్ళో మనుషులున్నారని పట్టేసింది. దాని కంటికి నీడ దాగుతుందా? ఎర్రది పెడుతుంది. నేను తెల్లది పెడతాను. పెద్దసారు మూడో కన్ను వేస్తాడు. వంతెన మ్యాపుకెక్కుతుంది, ఇక అంతే."

"చెప్పకూడదంటారా అయితే?"

"అలా అన్నానా? చెప్పినా కష్టమే, చెప్పకపోయినా కష్టమే అంటున్నాను. అదేదో కళ్ళు తెరుచుకుని చెయ్యి."

గీతలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తరవాత మెట్ల వైపు నడిచింది. బాబాయ్ వెనకే దిగాడు.

పెద్దసారు గది తలుపు తెరిచే ఉంది. ఆయన, రిపోర్టుల పిల్ల కంప్యూటరు ముందు వంగి ఉన్నారు. మ్యాపు కింద జనం ఏదైనా అడగడానికి ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఎక్కువగా అందులో తిట్లు వస్తాయి. మా వైపు గీత వెనక్కి జరిపారేంటని ఉత్తరం వాళ్ళు, ముందుకు జరపలేదేంటని దక్షిణం వాళ్ళు.

"వచ్చావా అక్కా, నీ కోసమే రాబోతున్నా" అంది పిల్ల. ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు. "నీ చోటి నుంచే. చదువు."

గీతలమ్మ వంగి చదివింది.

*ఊరికి పైనున్న పల్లెలో ఉన్నాం. చంటిపిల్ల ఉంది. వంతెన కూలిందని మీ మ్యాపులో చూసి కొండదారిన పోదామనుకుంటున్నాం. ఆ దారిలో మందుపాతరలున్నాయని కూడా మీరే గుర్తు పెట్టారు. వేరే గతి లేదు. వంతెన నిజంగా కూలిందా? దయచేసి చెప్పండి.*

కొండదారి మీద మందుపాతరల గుర్తుగా ఎర్ర చుక్కలు పెట్టింది గీతలమ్మే. వాటి మీదుగా చంటిపిల్లను ఎత్తుకుని ఎవరో నడవబోతున్నారు, తన తెల్ల బొత్తాన్ని నమ్మి.

"నీ చోటే కదమ్మా, జవాబు నువ్వే రాయి. ఆలస్యం చెయ్యకు" అన్నాడు పెద్దసారు, లేచి కుర్చీ చూపిస్తూ.

గీతలమ్మ కూర్చోలేదు. "నేను రాయకూడదు సార్. మా బావగారి కుటుంబం ఆ ఊళ్ళోనే ఉంది. మొదట్నుంచీ ఉంది. మీకు చెప్పలేదు."

పెద్దసారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన ముఖంలో కోపం కంటే అలసట ఎక్కువ కనపడింది.

"అయితే ఇవాళ్టి బొత్తాం?"

"చెల్లదు సార్."

"చెల్లదు సరే. నీకేం కనపడిందో అది చెప్పు. వంతెన ఉందా, లేదా?"

గీతలమ్మ బాబాయ్ వైపు చూడలేదు. చూస్తే ఆయన సంగతి కూడా తనే బయటపెట్టినట్టవుతుంది. "ఉంది సార్. పైన పట్టాలు కప్పారు. నీళ్ళ మీద నీడ నిండుగా ఉంది."

"నాకూ కనపడింది" అన్నాడు బాబాయ్ గుమ్మంలోంచి. "నన్నూ ఆ లెక్కలోనే వేసుకోండి."

పెద్దసారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఏదో అనబోయాడు. ఇంతలో పెట్టెలో ఇంకో వాక్యం వచ్చి పడింది. పిల్ల పైకి చదివింది.

"వంతెన ఉంటే, అది ఎంత బరువు మోస్తుంది?"

బాబాయ్ గుమ్మం దాటి వచ్చి తెర మీదికి వంగాడు.

"చంటిపిల్ల తల్లి అడిగే మాట కాదిది" అన్నాడు బాబాయ్. "నేను సైన్యంలో ఉండగా వంతెన కనపడితే మొదట అడిగే మాట ఇదే."

"లారీ ఉంటే తల్లైనా అడుగుతుంది బాబాయ్" అంది పిల్ల. "లారీ నిండా జనం ఉంటే నేను అడగనా? మీకు ప్రతివాడూ సిపాయిలాగే కనపడతాడు."

"నీకు ప్రతివాడూ తల్లిలాగే కనపడతాడు."

"చాలు" అన్నాడు పెద్దసారు. గీతలమ్మ వైపు తిరిగాడు. "కట్టుబాటు ప్రకారం నిన్ను ఈ గదిలోంచి పంపించాలి. కానీ ఆ దారులు మా ముగ్గురికంటే నీకే బాగా తెలుసు. కూర్చో. రాసేముందు నాకు చెప్పి రాయి."

గీతలమ్మ కూర్చుంది. అవతల ఉన్నది ఎవరో తెలుసుకునే ఉపాయం ఏదైనా ఉందా అని వెతికింది. చంటిపిల్ల పేరు అడిగితే ఎవరైనా ఏ పేరైనా చెబుతారు. ఊరి పేరు అడిగితే మ్యాపులోనే ఉంది. వంతెన ఉందంటే ఫిరంగికి దారి చూపినట్టు కావచ్చు. లేదంటే తల్లినీ బిడ్డనూ మందుపాతరల మీదికి తోసినట్టు కావచ్చు. కాస్త వ్యవధి దొరికితే, ఈ రాత్రికి ఇంకో పైఫోటో వస్తే, ఆ పల్లెలో ఉన్నది సైన్యం బండో, మామూలు లారీయో చూడవచ్చు.

"ఆగమని రాస్తాను సార్" అంది.

"రాయి."

*కొండదారిన వెళ్ళకండి. రేపటి దాకా కదలకండి. చూసి చెబుతాం*, అని కొట్టింది. అవతలివాళ్ళు రాస్తున్నట్టు తెర మీద చుక్కలు ఆడాయి, ఆగాయి, మళ్ళీ ఆడాయి. నలుగురూ వాటినే చూస్తున్నారు.

జవాబు వచ్చింది.

*కదిలిపోయాం. రెండు దారులు చీలే చోట బండి ఆపి అడుగుతున్నాం. ఎడమ కొండ, కుడి వంతెన. మా వెనక దుమ్ము లేస్తోంది. ఆగలేం. ఎడమకా, కుడికా?*

మిగతాది వచ్చే వారం.

— బుల్లి మామ్మ
డెబ్బై ఒకటి నడుస్తోంది. ఇప్పుడు చిన్నమ్మాయి ఇంట్లో, వెనక గదిలో ఉంటున్నాను.